పెట్టె మీద పేరు

వన్ టౌన్‌లో బోర్డులు రాసే పెయింటర్ తెల్లరంగు డబ్బా మూత తీశాడు. ఆ వాసనకి నాకు తల దించుకోవాలనిపించింది. ఎదురుగా మా నల్ల ట్రంకు పెట్టె. వచ్చే వారం మా అమ్మాయి ఆర్మీలో చేరుతోంది. పెట్టె మీద దాని పేరు రాయించడానికి నాన్నా నేనూ వచ్చాం.

మొదట అది తాతయ్య మిలట్రీకి తీసుకెళ్ళిన పెట్టె. తర్వాత ఆయన పేరు మీద నల్లరంగు పూసి నాన్న పేరు రాయించారు. నాకు ఏడేళ్ళప్పుడు, నాన్న సెలవు రేపటితో అయిపోతుందనగా, పెట్టె మీద పేరు లేకపోతే రైలెక్కనివ్వరనుకుని ఆయన పేరు మేకుతో గీకేశాను. అడుగునుంచి తాతయ్య పేరు బయటపడింది.

నాన్న అది చూసి తాతయ్య వైపు తిరిగారు.

"ఏంటి నాన్నా ఇది? రిటైరై ఇన్నేళ్ళయినా ఇంకా నీ పేరే ఉండాలా?"

తాతయ్య నా పిడికిలి వైపు చూశారు. మేకు అందులోనే ఉంది.

"ఏదో, బుద్ధి గడ్డి తిందిరా. మళ్ళీ రాయించుకో" అన్నారు.

నేను నోరు విప్పలేదు. మర్నాడు నాన్న తాతయ్యని స్టేషన్‌కి రావద్దన్నారు.

"పాత పేర్లు గీకెయ్యమంటారా అండీ? రంగు బాగా పడుద్ది" అన్నాడు పెయింటర్.

"వద్దు బాబూ, మీదే రాసెయ్" అన్నారు నాన్న నవ్వుతూ. "మా నాన్న ఒకసారి నా పేరు గీకేశాడు. ఆయనకి తన పేరంటే అంత మమకారం."

నాకు యాభై ఏళ్ళు. ఇప్పుడూ నోరు పెగల్లేదు.