పాత్రలో మిగిలింది

మేవిస్ ఓల్డ్‌రాయిడ్ నలభై ఏళ్ళు ఇంగ్లండులోని మా ఊరి మెథడిస్టు చర్చిలో ప్రభు భోజనపు గాజు గ్లాసులు కడిగింది. బొటనవేలంత గ్లాసులు, వాటిలో పులియని ద్రాక్షరసం. తండ్రి తాగుడు చూసి, పదేళ్ళప్పుడే మద్యం తాగనని కాగితం మీద సంతకం పెట్టిన మనిషి ఆమె.

ఆ చర్చి కప్పు కూలాక మెథడిస్టులందరూ ఆంగ్లికన్ల చర్చిలో చేరారు. నెలకొక ఆదివారం ఇరువర్గాలకీ ఆరాధన కలిసే. ఆంగ్లికన్లు ఒకే వెండి పాత్రలోంచి వైన్ తాగుతారు, మెథడిస్టులు గ్లాసుల్లో రసం. కడగడం మేవిస్‌కే వదిలేశారు. పరాయి చర్చిలో ఆమెకి తనదనిపించే చోటు ఆ సింకు ఒక్కటే.

మార్చిలో ఒక ఆదివారం ఆంగ్లికన్ల పాదిరి వికార్ గారు పక్క ఊరి ఆరాధనకి ఆలస్యమై, పాత్రలో మిగిలిన వైన్ తాగి ఖాళీ చేయకుండా వెళ్ళిపోయారు. మేవిస్ ఎప్పటిలాగే మిగిలిన రసం సింకులో పోసింది. వెంటనే పాత్రలో ఉన్నదీ పోసేసింది.

గుమ్మంలో ఆంగ్లికన్ల పెద్ద హిలరీ నిలబడిపోయింది.

"అది ప్రార్థన చేసిన వైన్ మేవిస్ గారూ. చివరి చుక్కదాకా ఎవరో ఒకరు తాగాలి. కాలవలో పొయ్యరు."

మేవిస్ ఇంటికొచ్చి భర్తతో అంది, "చర్చి తాళంచెవి ఇచ్చేస్తా. ఇక టౌన్లో మెథడిస్టు చర్చికి పోతా."

"ఆదివారం బస్సు లేదు," అన్నాడు విల్ఫ్.

"నడుస్తా."

"ఆ మోకాళ్ళతోనా? నా మీద అలిగినప్పుడు కూడా గేటు దాటలేదు నువ్వు."

గురువారం హిలరీ వచ్చింది. మేవిస్ తాళంచెవి ఆమె ముందు పెట్టింది.

"నేను తాగలేను, పొయ్యకూడదు. అక్కడ నాతో పనేముంది?"

హిలరీ దాన్ని ముట్టుకోలేదు. "నేల మీద పొయ్యొచ్చు. మా అత్తగారు వైన్ పడక అలాగే పోసేవారు."

"ఆ మాట ఆరోజే చెప్పొచ్చుగా."

"చెప్పాల్సింది. భయపడి కసురుకున్నాను. అప్పట్నించీ నాకు నిద్ర లేదు."

మేవిస్ తాళంచెవి ఏప్రాన్ జేబులో వేసుకుని, టీకి కెటిల్ స్టౌ మీద పెట్టింది.

ఏప్రిల్లో, ఆరాధన అయ్యాక, ఇద్దరూ సన్నటి వానలో చర్చి వెనక్కి వెళ్ళారు. హిలరీ పాత్ర వంచబోయింది.

"ఇటివ్వండి. అది నా పని," అంది మేవిస్. ముఖం పక్కకి తిప్పుకుని, గోడవారగా గడ్డిలో మెల్లగా పోసింది. "కడిగిన నీళ్ళో?"

"అవీ ఇక్కడే."

"అయితే మీరు ఇక్కడే ఉండండి, కడిగి ఆ నీళ్ళు తెస్తా," అని మేవిస్ పాత్ర పట్టుకుని లోపలికి నడిచింది.