మామ పేరు మీద మొదటి లోడు

ఠాణా పట్నం దగ్గరి కామత్‌ఘర్‌లో ఏళ్ళపాటు పరాయి మగ్గాలు నడిపిన మా మామ, చివరికి కొన్ని మగ్గాలను కిరాయికి తీసుకున్నాడు. సొంత పేరు మీద ఆయన మొదటి లోడు మాన్కోలి గోదాముకు పోవాల్సిన రోజది. సాయంత్రంలోపు చేరకపోతే సరుకు దించుకోనని వ్యాపారి ముందే చెప్పాడు.

బట్ట కట్టిన ప్రతి బేలుకూ ఒక చీటీ అంటించాలి. అందులోని తానుల నంబర్లు, మీటర్లు, కింద యజమాని పేరు. నేను స్ప్రెడ్‌షీట్‌లో రాసిన మాక్రో ఆ చీటీలను ఇంగ్లీషులో అచ్చువేసేది. ఆ రోజు బటన్ నొక్కితే, మాక్రో నడవదని ఎర్రర్ వచ్చింది. టెంపో వాకిట్లో ఆగి ఉంది.

రోజూ మీటర్లు ఎక్కించేది నా భార్య. ఆమె మీదే విరుచుకుపడ్డాను.

"ఏం నొక్కినవ్?"

"నేనేం నొక్కలె. లైసెన్స్ అయిపోతదని గీ వారం సంది రాసొస్తుంది. చెప్తే, బంద్ చేసి పని చూసుకో అన్నవ్."

విననట్టే ఉండి సెట్టింగులు మార్చాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. మామ తొంగిచూశాడు.

"మగ్గాలకైతే శుక్రారం ఛుట్టి. నీ మిషిన్‌కు ఇయ్యాల్నే వచ్చిందా, అల్లుడా?"

చివరికి కొత్త షీటు తెరిచి ఒక అంకె కొట్టాను. అది కూడా పడలేదు. తప్పు మాక్రోలో లేదు, నా భార్య వేళ్ళలోనూ లేదు. లైసెన్స్ కొనకుండా, ఠాణా పట్నంలో తెలిసినవాడితో వేయించుకున్న కాపీ అది. గడువు తీరాక చూడనిస్తోంది గానీ రాయనివ్వడం లేదు. అంతా పక్కా అని మామకు చెప్పింది నేనే.

"తప్పు నాదే" అన్నాను ఇద్దరితో.

"గది తర్వాత చెప్పు. ముందు రాయి" అంది నా భార్య.

ఆమె తెర మీది అంకెలు చదివింది, నేను చీటీలు రాశాను. కింద పేరు మాత్రం తానే రాస్తానన్నాడు మామ. ఆయనకు వచ్చింది తెలుగు ఒక్కటే. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు.

పొద్దుండగానే మాన్కోలి చేరాం. గోదాము గుమాస్తా మీటర్లు సరిచూసుకుని, ఇదేం రాశారన్నట్టు తెలుగులో ఉన్న పేరు దగ్గర ఆగాడు.

"యే క్యా లిఖా హై?"

"మేరా నామ్" అన్నాడు మామ.

గుమాస్తా తలూపాడు. హమాలీలు బేళ్ళు దించుతున్నంతసేపూ మామ కూర్చోలేదు. ఆయన పక్కన నేనూ నిలబడే ఉన్నాను.