మైదానాన్ని చోప్ చేసిన కెప్టెన్

నేను డిగ్రీ పాసయ్యాను! మా వంశంలో డిగ్రీ అందుకున్నది నేనే మొదటిదాన్ని. అమ్మకు ఫోన్ చేసి చెప్పగానే నాకు గుర్తొచ్చింది మా కెప్టెన్ అక్క.

మా కాలేజీలో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు పుట్టిన తొలి ఏడాది సంగతి ఇది; అక్కే కెప్టెన్. తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్లను చోప్ చేసుకున్నట్టు, అంటే ముందే మాదని పట్టి ఉంచుకున్నట్టు, బెడోక్‌లో పుట్టిపెరిగిన ఆ అక్క రోజూ మైదానం నడుమ ఒక ప్యాకెట్ పెట్టేది. మగపిల్లలు ఎగతాళి చేస్తే, "చోప్ చేశాం లా, వెయిట్ చెయ్యండి" అనేది, మాట చివర ఇక్కడి వాళ్ల ఊతపదం "లా" తగిలించి. వాళ్లు గొణుక్కుంటూనే ఆగేవారు.

ప్రతి మ్యాచ్‌లోనూ ఓడిపోయాం. చివరి మ్యాచ్‌కి పదకొండు మంది రాకపోతే జట్టు రద్దన్నారు. పదిమందే వచ్చారు. అక్క నన్ను వెతుక్కుంటూ లైబ్రరీకి వచ్చింది.

"రేపు పరీక్ష అక్కా. ఫెయిలైతే ఇంట్లో ఏం చెప్పను?"

"వచ్చి ఆడు. చదివించే పూచీ నాది."

చిత్తుగా ఓడాం. జురాంగ్ ఈస్ట్‌లోని మా ఇంటికెళ్లే ట్రైన్, తన ఇల్లు ఊరికి అటు చివరున్నా, తనూ ఎక్కింది. బురద బట్టలని ఇద్దరం సీట్లో కూర్చోలేదు. అక్క నా ఎదుట నిలబడి పరీక్ష ప్రశ్నలు అడుగుతూనే ఉంది.

"ఓడిపోయాం కదక్కా" అన్నాను.

"టీమ్ ఉంది కదా లా! నెక్స్ట్ దానికి ఆన్సర్ చెప్పు" అంది.