సంత నుంచి రాని అమ్మ

ఫినాయిల్ వాసన తగిలితే నాకు ముంచింగిపుట్టు దగ్గరి మిషన్ హాస్టల్ వరండా గుర్తొస్తుంది. అక్కడ ముసలి సిస్టరమ్మ ప్రతి శనివారం మమ్మల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని, ఆ వారం మనసు ఎటు నడిచిందో అడిగేది. మనసుకు దేవుడి దారి చూపడం ఆవిడ పని. నేను మాత్రం కాఫీ తోటలో ఎలుగుబంటి నా ముందు మోకరిల్లిందని చెప్పేదాన్ని.

జ్వరంతో పోయిన అమ్మను పూడ్చి వచ్చిన వారం, ఆ కబురు ఆవిడకు తెలియదనుకుని, మళ్లీ కోతలు కోశాను.

"అమ్మ సంతకెళ్లింది సిస్టరమ్మా."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. "అలాగా. ఏటి తెస్తాదంట?"

"గాజులు."

ఆవిడ నమ్మినన్నాళ్లూ అమ్మ సంతలోనే ఉంటుందనుకున్నాను. అందుకే వారం వారం రిబ్బన్లు, బెల్లం, చివరికి మేకపిల్లను కూడా తెప్పించాను.

"నడిపించుకొస్తాదా, ఎత్తుకొస్తాదా?" అని అడిగిందే తప్ప ఆవిడ ఒక్కసారీ కాదనలేదు.

వానలు మొదలైన శనివారం మళ్లీ అడిగింది. "ఈ వారం ఏటి తెచ్చిందే గుంటా?"

ఎంత వెతికినా నాకు ఇంక వస్తువు దొరకలేదు.

"అమ్మ రాదు," అన్నాను.

ఆవిడ జపమాల పక్కన పెట్టింది. "ఇప్పుడు సెప్పు."

అమ్మ పోయిన కబురు హాస్టల్‌లో మొదట అందుకున్నది ఆవిడేనని ఎన్నో ఏళ్లకు తెలిసింది. తెలిసే, నాతో పాటు అన్ని సంతలూ తిరిగింది.