బావ మూలమట్టం

మా బావ తాపీ మేస్త్రి. వీధిలో అందరూ ఆయన్ని మూలమట్టం అనే పిలుస్తారు. ఎవరింటికి వెళ్లినా ముందు గోడ మీది ఫొటో వంకర సరిచేసి, ఆ తర్వాతే మంచినీళ్లు తాగుతాడు. మూలలు సరిచూసే ఆ ఇనుప మూలమట్టమంటే ఆయనకు ప్రాణం. "కొలత తప్పుతుందేమో గానీ ఇనుము తప్పదురా" అంటాడు. పద్దెనిమిదేళ్ల కిందట అది పరంజా మీంచి రాళ్ల మీద పడినా గీత కూడా పడలేదని వెయ్యిసార్లు చెప్పుంటాడు. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

నేను టైల్స్ పరుస్తాను. మేస్త్రీల తప్పులు నా దగ్గరే బయటపడతాయి. పాతకాలం సిమెంటు గచ్చులో గీతలుండవు కాబట్టి ఏ వంకరైనా చెల్లిపోయేది.

కూతురి కోసం పెరట్లో గది కడుతూ బావ ఇంకొకరిని తాపీ ముట్టనివ్వలేదు. "నా పిల్ల గదిరా. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నాడు. తీరా నేను టైల్స్ వరుస వేస్తే, ఈ చివర గోడకు ఆనుకుంది, ఆ చివర రెండు వేళ్ల సందు మిగిలింది.

"వరుసకు నువ్వు కట్టిన దారమే వంకర" అన్నాడు బావ. "ఎదురుబొదురు గోడలు కొలువు. ఈ చివరా పన్నెండడుగులే, ఆ చివరా పన్నెండడుగులే."

నిజమే, గోడలు సమాంతరంగానే ఉన్నాయి. కానీ మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా రెండు వైపులా టేపు పట్టి చూస్తే ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఎదురు గోడలు కలిసే నడిచాయి గానీ పక్క గోడకు లంబంగా నిలవలేదు. బావ మొదటి మూల ఒక్కటే మూలమట్టంతో తీస్తాడు, మిగతావి కొలతతో కట్టేస్తాడు. మొదటిది తప్పితే ఇక అన్నీ తప్పే.

"బావా, అది ఇలా ఇవ్వు."

తిన్నని చెక్కకు మూలమట్టం ఆనించి గచ్చు మీద గీత గీశాను. దాన్ని బోర్లించి అదే చోటు నుంచి మళ్లీ గీశాను. రెండూ ఒకే గీత కావాలి. కాలేదు. చివర చిటికెన వేలు పట్టేంత ఎడం వచ్చింది.

బావ వంగి ఆ ఎడంలో వేలు పెట్టి చూశాడు. "పరంజా మీంచి పడ్డప్పుడేరా" అన్నాడు. లేచి కిటికీలోంచి, ఇంటి పక్కగా కనిపించే వీధి వైపు చూశాడు. అక్కడ సగం ఇళ్లు ఆయన కట్టినవే.

"ఎన్ని ఇళ్లురా బామ్మర్దీ?"

"ఎవరికీ తెలీదులే బావా. గోడలేం పడిపోవుగా."

"నాకు తెలిసిందిగా."

నా నోరు పడిపోను, ఎందుకన్నానో ఆ మాట!

సన్నటి ముక్కలు కోసి, ఆ సందు బీరువా వెనక్కి వచ్చేలా సర్దాను. నా చేతనైంది అంతే. కూతురు గది చూసి మురిసిపోయింది. బావ మాత్రం ఇప్పుడు ప్రతి మూలా పదిసార్లు కొలుస్తాడు, అయినా నమ్మడు. పని సాగదు. పిలిచేవాళ్లూ తగ్గారు.

మొన్న మా ఇంటికొచ్చాడు. ముందు గదిలో ఫొటో వంకరగా వేలాడుతోంది. చూశాడు. మంచినీళ్లు తాగాడు, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

ఆ పొద్దున దాన్ని కావాలని వంకరగా పెట్టింది నేనే.