నిలబెట్టి నేర్పిన ఇంగ్లీషు

ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే క్లాసుకు పోయొచ్చిన పిల్లకు కాళ్ళెందుకు వాస్తాయి? ముందు అది చెప్పండి నాకు.

మా ఆయన పోయాక వ్యాసర్పాడిలో ఇడ్లీలు వేసి అమ్మి నా కూతుర్ని చదివించాను. ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి పిలిచారు. ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే. అందుకని మైలాపూరులో క్లాసుకు చేరింది. వారం తిరక్కుండానే "నేనింక పోనుమా" అని ముడుచుకు పడుకుంది. ఇంటర్వ్యూకీ పోదట.

గట్టిగా అడిగితే చెప్పింది. ఆ క్లాసులో తప్పు మాట్లాడినవాళ్ళు లేచి నిలబడాలి. ఇంకొకరు తప్పు మాట్లాడేదాకా కూర్చోకూడదు. మా పిల్ల మొదటిరోజే "ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ వర్క్ హియర్" అంది. వర్కింగ్ అనాలట. ఆ తర్వాత ఎవరైనా నోరు విప్పితేగా! విప్పితే తాము నిలబడాలి. దాంతో క్లాసయ్యేదాకా రోజూ ఇదే నిలబడిందట. మాట్లాడడం నేర్పేచోట మాట్లాడినందుకు శిక్షా!

మరునాడు దాన్ని వెంటబెట్టుకుని నేనే పోయాను. మాస్టరు మన తెలుగాయనే. నన్ను తలుపు దగ్గర చూసి కూడా దాన్ని ఆ వాక్యమే అడిగాడు. భయంతో అది మళ్ళీ అలాగే అంది. లేచి నిలబడమన్నాడు.

"ఏం సారూ, నిలబెడితే నోట్లోకొచ్చేస్తుందా ఇంగ్లీషు?" అన్నాను.

"ఈడ రూల్ అదేమ్మా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మీ పిల్లలకి ఇట్టయితేనే ఎక్కేది."

"తెలుగు నేర్పింది నేనే సారూ. ఒక్క దినమన్నా నిలబెట్టలా."

వెనక వరసలో ఒక పిల్ల చటుక్కున "ఐ యామ్ గుడ్ ఎట్ టాక్" అంది. కావాలనే అంది. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"నువ్వు లెయ్. నువ్వు కూసో" అన్నాడాయన. ఆ పిల్ల లేచింది. మా పిల్ల మాత్రం కూర్చోలేదు.

"ఉండండి సార్. వర్క్ అంటే ఎందుకు తప్పో ఒక్కసారి చెప్పండి. తెలీకుంటే ఎన్ని దినాలు నిలబడినా అదే కదా అంటాను!" అంది.

క్లాసంతా ఆయన్నే చూసింది. చేసేది లేక బోర్డు వైపు తిరిగాడు. ఇన్, ఎట్, ఆఫ్ లాంటి చిన్న మాట తర్వాత పని చెప్పే మాట వస్తే దానికి ఇంగ్ తగిలించాలట. మనం 'చేయడంలో' అన్నట్టేనట. మనకు 'లో' వెనక వస్తుంది, వాళ్ళకు ముందు వస్తుంది. అంతే! ఇడ్లీ గిన్నె మూత తీసి చూసినంత సేపు కూడా పట్టలేదు. ఆ పిల్లలిద్దరూ సరిగ్గా చెప్పి కూర్చున్నారు. అప్పుడు గానీ మిగతావాళ్ళకు నోళ్ళు పెగల్లేదు.

ఇంటర్వ్యూకు పోతానంది మా పిల్ల. సంతోషమే. నా కోపం మాత్రం తగ్గలేదు. ఆ రెండు ముక్కలు మొదటిరోజే చెప్పుంటే ఆయన సొమ్మేం పోయేది?

బస్సులో అది ఆ వాక్యాన్ని పైకే చెప్పుకుంటూ కూర్చుంది. ముందు సీటావిడ తిరిగి చూసేసరికి ఆపేసింది.

"చూడనీవే, నువ్వు చెప్పు" అన్నాను.