ఖాళీ గడిలో రెండుంపావు

మా అమ్మమ్మ ఓరకంట చూస్తే చాలు, ఏ కంప్యూటరైనా గడగడ వణికి తన తప్పులన్నీ ఒప్పేసుకుంటుంది. కాళ్ళుంటే వచ్చి ఆవిడ కాళ్ళ మీద కూడా పడేది. నలభై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాస్తోంది కాబట్టి యంత్రాల మీద ఆవిడకు అనుమానం ఎక్కువ. మనుషుల మీదా తక్కువేం కాదు. డబ్బాలో చక్కెర తగ్గితే నా వేళ్ళు వాసన చూస్తుంది.

మా వీధి చివర కళ్ళద్దాల షాపులో నడిచేది అమ్మమ్మ రాసిన ప్రోగ్రామే. కొలతలు టైపు చేస్తే చీటీ వస్తుంది, ఆ చీటీ చూసి వెనకాల అద్దాలు తయారుచేస్తారు. ఈమధ్య లోపలి గదిలోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. అప్పటి నుంచి గొడవ. దూరం చూపుకు అద్దాలడిగిన ఓ కాలేజీ కుర్రాడికి, ముసలివాళ్ళకిచ్చే దగ్గర చూపు పవర్ రెండుంపావు అదనంగా చీటీలో పడింది. తర్వాత ఓ టీచరమ్మకూ అంతే. రెండుసార్లూ ఆ గదిలో టైపు చేసింది ఒకే అమ్మాయి. మెల్లగా కొడుతుందని అందరూ ఆమెను నత్త అంటారు.

"శనివారం లోపు తేలకపోతే ఈ పిల్లను మాన్పించేస్తానమ్మా," అన్నాడు ఓనరు.

"నేనా దగ్గర చూపు గడి ముట్టుకోలేదు పెద్దమ్మా. ఖాళీగానే వదిలేశాను," అంది నత్త, ఏడుపు ఆపుకుంటూ.

అమ్మమ్మ ఆమెను నమ్మలేదు. ఓనర్నీ నమ్మలేదు. అవే కొలతలు ఇంట్లో కొట్టి చూస్తే చీటీ శుభ్రంగా వచ్చింది. షాపు కౌంటర్లోని పాత కంప్యూటర్లలోనూ అంతే.

"చూశారా?" అన్నాడు ఓనరు.

"ఇంకా చూడలేదు," అని అమ్మమ్మ ఆయన్నే లోపలి గదిలో కూర్చోబెట్టి పాత చీటీలన్నీ వరసగా మళ్ళీ టైపు చేయించింది. ముప్ఫయ్యో చీటీలో, ఖాళీగా వదిలిన గడిలో రెండుంపావు ప్రత్యక్షమైంది.

"నా వేలు తగిలి ఉంటుంది లెండి."

"మీరైతే వేలు తగిలింది, ఆ పిల్లయితే తప్పు చేసింది. బాగుందయ్యా!"

ఇక అనుమానం ఊరేగింది. మొదట వైర్లు, తర్వాత కంప్యూటర్ అమ్మినవాడు, ఆ తర్వాత నేను.

"ఒసేయ్, అందులో ఆటలేమైనా ఎక్కించావా?"

"నన్నా గది గడప తొక్కనిస్తే కదా అమ్మమ్మా!"

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడకో దుర్బుద్ధి పుట్టింది. అంకెలు దాచుకోవడానికి ప్రోగ్రాము మెమరీలో కొంత చోటు అడిగి తీసుకుంటుంది. ఇంట్లో ఉన్న బుద్ధిమంతురాలైన కంప్యూటర్లోనే ఆ చోటంతా ముందుగా ఏడులతో నింపేసింది. దగ్గర చూపు గడి ఖాళీగా వదిలి చీటీ తీసింది. డెబ్బై ఏడు పవర్ వచ్చింది.

"అమ్మో, అవి పెట్టుకుంటే చీమ పళ్ళు లెక్కపెట్టొచ్చు!" అన్నాను.

అమ్మమ్మ నవ్వలేదు. గడి ఖాళీగా వదిలితే ప్రోగ్రాము అక్కడ సున్నా రాసుకోవాలి. రాసుకోవడం లేదు. అద్దెకు దిగినవాళ్ళు పాతవాళ్ళ చెత్త ఊడవకుండా కాపురం పెట్టినట్టు, అక్కడ ఏముంటే అదే తనదనుకుంటోంది. పాత కంప్యూటర్లు చోటు తుడిచి ఇచ్చేవి. కొత్తది ఒక్కోసారి తుడవకుండానే ఇస్తోంది, అంతకుముందు కొట్టిన ముసలివాళ్ళ పవర్ అక్కడే ఉండిపోతోంది.

ప్రోగ్రాములో సున్నా రాయడం మరిచిపోయిన ఆ వరస పక్కన ఇరవై ఏళ్ళ నాటి తేదీ ఉంది, అమ్మమ్మ పొడి అక్షరాలున్నాయి. అప్పట్లో తన కంప్యూటర్ శుభ్రమైన చోటే ఇచ్చేది, లోకంలోవన్నీ అలాగే ఇస్తాయనుకుంది. అందరినీ అనుమానించిన మనిషి తనను మాత్రం వదిలేసింది.

వరస సరిచేసి, చెప్పులేసుకుని షాపుకి నడిచింది. నేనూ వెనకే. జనం ఉండగానే చెప్పింది: "తప్పు నాది. ఈ పిల్లను అనుమానించాను, అదీ తప్పే."

నత్త మొహం చేతుల్లో దాచుకుంది. ఓనరు తల గోక్కుని, "సరే, రేపు మామూలుగానే రామ్మా," అన్నాడు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "కొత్త కంప్యూటర్ మీదకి తోసేస్తే పోయేది కదా అమ్మమ్మా. దానికి నోరు లేదు, నీ పేరూ చెడేది కాదు."

"చెడితే చెడింది. నోరు మూసుకుని నడు. ఆ షాపులో నేను రాసిన ప్రోగ్రాములు ఇంకా నాలుగున్నాయి, ఒక్కదాన్నీ నమ్మను."